ఒకే నీరు

2038 ఆగస్టు ఇరవై ఆరు అనగానే సులోచనకు ముందు గుర్తొచ్చేది కంద బచ్చలి కూర. ఆ మధ్యాహ్నం ఆమె భీమవరంలోని తన ప్రయోగశాలలో కిటికీ పక్కన కూర్చుని, తమ్ముడి భార్య మంగతాయారు పొద్దున్నే పంపిన క్యారియరు విప్పింది. కూరలో ఆవ బాగా పడింది. బయట రోజుల తరబడి వదలని ముసురు. అలాంటి పూట వేడి అన్నంలో ఆ కూర కలుపుకోవడం కంటే సుఖం ఇంకేముంటుందనుకుంటూ రెండో ముద్ద నోట్లో పెట్టుకుంది. మూడో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

ఎదురు గోడ మీది తెరలో కోస్తా జిల్లాల రొయ్యల చెరువులు పచ్చ చుక్కలుగా వెలుగుతుంటాయి. వాటిలో ఒకటి పసుపు రంగుకు తిరిగింది. ఆమె చూస్తుండగానే ఎర్రబడింది. అది ఉప్పులదిబ్బ దగ్గర, పెద్దకోడు అనే మురుగు కాలువ పక్కన, ఆమె తమ్ముడు తాతాజీ కౌలుకు చేస్తున్న చెరువు.

ముసురు పట్టినప్పుడు ఏ చెరువుకైనా కష్టమే. ఎండ తగలక నీళ్ళలోని పచ్చదనం చచ్చి అడుగుకు దిగుతుంది. అది కుళ్ళుతూ ఉన్న కాస్త ప్రాణవాయువునూ లాగేసుకుంటుంది. అయినా ఏరేటర్లు ఆపకుండా తిప్పితే, ఆ తెడ్లు నీళ్ళను చిలికి గాలి కలుపుతూ ఉంటే, ఎండ వచ్చేదాకా రొయ్య బతుకుతుంది. తాతాజీ ఆ సంగతి తెలియని రైతేమీ కాదు. చేయి కడుక్కుని ఫోన్ చేద్దామనుకునేలోగా అతనే చేశాడు.

"అక్కా, నాకు కరెంటు తీసేశారు."

పోయి ఉంటుంది, వస్తుందిలే అని ఆమె అంది.

"పోలేదక్కా. పక్క చెరువులన్నిటికీ ఉంది. నా ఒక్కడికే లేదు. స్తంభం దగ్గర పెట్టి మీద మీ నీటిబొట్టు బొమ్మ ఎర్రగా వెలుగుతుంది. ఏరేటర్లన్నీ ఆగిపోయినయ్. రొయ్య గట్టెంబడి తిరుగుతుంది."

సులోచన క్యారియరు మూత పెట్టకుండానే లేచింది. ఏం జరిగిందో ఆమెకు ఆ క్షణంలోనే అర్థమయింది. అలా జరగవచ్చని ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా ఎందుకు తోచలేదో మాత్రం అర్థం కాలేదు.

ఆ నీటిబొట్టు గుర్తున్న నీటిముద్ర ఆమె చేతుల్లో పుట్టింది. అది అరచేతిలో ఇమిడే గాజు బిళ్ళ. లోపల కంటికి ఆనని నీటి జీవులు ఉంటాయి. బిళ్ళను చెరువులోకి దించితే, నీళ్ళు శుభ్రంగా ఉన్నంతసేపూ అవి హాయిగా ఊపిరి పీలుస్తాయి. మురికి చేరితే ముడుచుకుంటాయి. ఆ ఊపిరిని కొలిచి బిళ్ళ గంటకొక ముద్ర వేస్తుంది. ముద్ర ఒకచోట ఉండేది కాదు. వేల యంత్రాల్లో ఒకేసారి, వెనకటి ముద్రకు గొలుసులా తగులుకుని నిలిచిపోతుంది. ఒక్కదాన్ని చెరపాలంటే గొలుసంతా చెరపాలి. రొయ్య పట్టిన రోజున ఆ ముద్రలు సరుకుతోపాటే మంచు పెట్టెల్లోకి, ఓడల్లోకి ఎక్కి దూరదేశపు భోజనాల బల్ల దాకా వెళతాయి. తినేవాడు తన పళ్ళెంలోది ఏ నీటిలో పెరిగిందో చూసుకుంటాడు. మంచి నీటికి మంచి ధర ఇస్తాడు. ముద్రలు లేని సరుకును ఎగుమతిదారులు ఇప్పుడు ముట్టుకోవడమే లేదు.

దాని వల్ల మేలు జరగలేదని ఎవరూ అనలేరు. ఒకప్పుడు తారులా పారిన పెద్దకోడులో ఇప్పుడు చేదుపరిగె చేపలు తిరుగుతున్నాయి. చెరువుల్లో మందులు కలపడం మానేశారు. పొగ వదిలే డీజిల్ జనరేటర్లను అమ్మేసి, అందరూ కలిసి వేసుకున్న సౌరక్షేత్రం నుంచి కరెంటు తెచ్చుకుంటున్నారు. అందులో ఒక నియమం సులోచన స్వయంగా పెట్టింది. ముద్ర కనీస గీత కిందికి పడిన చెరువు తన చెడ్డ నీటిని కోడులోకి తోడిపోయకూడదు. అందుకని ఆ చెరువు మోటారు లైనుకు కరెంటు దానంతటదే ఆగిపోవాలి. ఏ అధికారి దయా, ఏ నాయకుడి సిఫారసూ అందులో దూరకూడదు. ఆఖరికి తన చేయి కూడా.

ప్రయోగశాల వెనక ఉన్న నమూనా చెరువులో తోడే మోటారుకొక లైను, ఏరేటర్లకొక లైను. ఉప్పులదిబ్బలో అలా ఉండదు. కౌలు చెరువుకు ఆసామి ఇచ్చేది ఒక్క కనెక్షనే. మోటారూ, ఏరేటర్లూ, షెడ్డులో దీపమూ అన్నీ ఒకే స్టార్టరు పెట్టెకు వేలాడుతుంటాయి. ఆ గట్ల మీదే పుట్టి పెరిగిన మనిషి ఆమె. చిన్నప్పుడు తండ్రి చేతికి స్క్రూడ్రైవరు అందించింది ఆ పెట్టె దగ్గరే. నియమం రాస్తున్నప్పుడు మాత్రం ఆమె కళ్ళ ముందు నమూనా చెరువే ఉంది. మూడేళ్ళుగా ఎవరి ముద్రా అంత కిందికి పడలేదు కాబట్టి తప్పు బయటపడలేదు.

సహాయకుడు ఫణీంద్రను పిలిచి నియమం మార్చడానికి ఎంతసేపు పడుతుందని అడిగింది. జవాబు ఆమెకు తెలుసు. గొలుసును కాపాడే యంత్రాలు నడిపేవాళ్ళలో మూడింట రెండొంతుల మంది ఒప్పుకోవాలి. కొందరు ఈ జిల్లాల్లో ఉన్నారు, కొందరు సముద్రానికి అవతల. అందరినీ కూడగట్టాలంటే వారం తక్కువ కాదు.

"చెరువు ఈ రాత్రి దాటదు," అంది.

ఫణీంద్ర తల వంచుకున్నాడు. ఆమె అలమర తెరిచి ఒక చిన్న సీసా తీసి సంచిలో వేసుకోవడం అతను చూశాడు. కారు దాకా వెంట వచ్చి, ఆమె తల తడవకుండా గొడుగు పట్టాడు.

*

దారి పొడవునా ఆమె ఫోన్లు చేస్తూనే ఉంది. రొయ్యలు పట్టే వలకట్టు వాళ్ళు రేపు పొద్దున్న తప్ప రాలేమన్నారు. ముసురుకు భయపడి ఊళ్ళో సగం మంది ఇవాళే పట్టుబడి పెట్టుకున్నారట. అద్దెకు జనరేటరు ఎక్కడైనా ఉందేమో అడిగింది. అవతలివాడు నవ్వి, మీరే గదండీ అమ్మించేసింది అన్నాడు. ఆ మాటలో కసి లేదు, అందుకే ఎక్కువ గుచ్చుకుంది.

తాతాజీ గట్టు మీద మోకాళ్ళ దాకా బురదతో నిలబడి ఉన్నాడు. మూడు రాత్రులుగా నిద్ర లేని కళ్ళు. నీళ్ళ రంగు పచ్చ నుంచి బూడిద రంగుకు దిగిపోయింది. గట్టు పొడవునా రొయ్యలు మీసాలు పైకెత్తి ఒకదాన్నొకటి తోసుకుంటూ వెళుతున్నాయి. ఆగిపోయిన ఏరేటర్ల మీద కొంగలు వాలి తీరిగ్గా చూస్తున్నాయి. ఉన్న ఆక్సిజన్ పొడి అంతా చల్లేశామని, దాని బలం దీపాలు పెట్టేవేళ దాకా కూడా ఉండదని మంగతాయారు చెప్పింది. పక్క చెరువు నుంచి తీగ లాగి చూశారట. అది తన ఏరేటర్లకు సరిపోను మాత్రమే ఇచ్చే లైను, బరువు పెరగగానే రెండు చెరువులకూ కరెంటు కొట్టేసింది. పక్కాయన తీగ పీకేసి, నా చెరువు కూడా చంపుతారా అని అరిచి వెళ్ళిపోయాడట.

"ఈ చెరువు చస్తే నా పంట పోతుంది, పోనియ్," అన్నాడు తాతాజీ. "కానీ అక్కా, ఈ కోడెంబడి ఒక్కొక్క గట్టూ తిరిగి మా అక్క చేసింది, నమ్మి చేరండి అని చెప్పింది నేను. రేపట్నుంచి నేను ఏ గట్టు మీద నిలబడను?"

మంగతాయారు అక్కడినుంచి కదిలి మోటారు షెడ్డులోకి వెళ్ళింది. సులోచన ఆమె వెనకే వెళ్ళింది. షెడ్డులో దీపం లేదు. మేత సంచుల మధ్య చీకట్లో ఆమె మెల్లిగా అడిగింది.

"వదినగారూ, ఆ బిళ్ళ చేసింది మీరు. దానికి మీరు ఏదన్నా చెబితే వినదా?"

సులోచన సంచిలోని సీసాను వేళ్ళతో తాకింది. వింటుంది. బిళ్ళలోని జీవులకు అది బలం మందు. ప్రయోగశాలలో నీరసపడిన బిళ్ళలను తేర్చడానికి వాడతారు. గాజు అంచున ఉన్న సన్నని రంధ్రంలో నాలుగు చుక్కలు వేస్తే ఎంత మురికిలో ఉన్నా తెల్లారేదాకా అవి హాయిగా ఊపిరి తీస్తాయి. వచ్చే గంటకు ముద్ర పచ్చబడుతుంది, కరెంటు వస్తుంది. ఈ సంగతి లోకంలో ఆమెకూ ఫణీంద్రకూ తప్ప ఎవరికీ తెలియదు.

ఆమె గట్టు దిగి, బిళ్ళ కట్టిన తాడు పట్టుకుని పైకి లాగింది. అరచేతిలో అది చల్లగా ఉంది. లోపల పచ్చని పొర ముడుచుకుని ఒక మూలకు చేరింది. తాతాజీ ఊపిరి బిగబట్టి చూస్తున్నాడు. ఆమె సీసా మూత తిప్పింది.

అప్పుడే పక్క చెరువులో తోడే మోటారు మొదలయింది.

ఆ చెరువు సత్తిరాజుగారిది. తాతాజీ చెరువుకు రెండింతలు పెద్దది, నీళ్ళు ఇంకా పచ్చగా ఉన్నాయి, ఏరేటర్లు తెల్లగా నురగ చిమ్ముతున్నాయి. ఆయన మోటారు కోడులోంచి నీళ్ళు లోపలికి తోడుతోంది. ముసురులో నీరు మార్చడం అందరూ చేసేదే. సులోచన చూస్తుండగానే ఆయనే మోటారు ఆపేశారు. గట్టు మీద నిలబడిన సత్తిరాజుగారు ఫోన్ తీసి చూసుకుంటున్నారు. ఎందుకు చూస్తున్నారో ఆమెకు తెలుసు. ఎగువన ఉన్న చెరువు ముద్ర పచ్చగా ఉంటేనే దిగువ వాళ్ళు కోడు నీళ్ళు తీసుకుంటారు. ఎర్రగా ఉంటే ఆపుతారు. ఎవరి నీళ్ళు ఎప్పుడు ఎక్కడ కోడులోకి ఊటగా దిగుతాయో తెలియదు కాబట్టి, ఇప్పుడు ఆ కాలువ వెంట అందరూ నమ్ముకున్నది ఆ ముద్రనే.

తాతాజీ ముద్ర పచ్చబడితే సత్తిరాజుగారి మోటారు మళ్ళీ మొదలవుతుంది.

ఆమె సీసాకు మూత బిగించింది. బిళ్ళను మళ్ళీ నీళ్ళలోకి జారవిడిచింది.

"ఏమయిందక్కా?" అన్నాడు తాతాజీ.

"నేను సత్తిరాజుగారి దగ్గరికెళ్ళి వస్తాను."

"ఆయన దగ్గరికా? ఇందాకే తీగ పీకేసి బూతులు తిట్టి వెళ్ళాడు. నువ్వెళితే దండేసి కూర్చోబెడతాడా?"

*

నియమాల్లో ఇంకొకటి ఉంది. అది కూడా ఆమె పెట్టిందే. ఎవరైనా రహస్యంగా తన చెడ్డ నీటిని పక్కవాడి చెరువులోకి వదిలి తప్పించుకోకుండా, రెండు చెరువుల నీళ్ళు కలిస్తే వాటిని ఒకే నీరుగా లెక్కించాలి. ఒక్కొక్క బిళ్ళలోని జీవులకు ఒక్కొక్క గుర్తు ఉంటుంది. ఒకదాని జాడ నీళ్ళలో ఇంకొకదానికి తగిలితే, గట్టు తెగినట్టు బిళ్ళలు కనిపెడతాయి. అక్కడినుంచి రెంటికీ ఒకే ముద్ర. దొంగలను పట్టడానికి వేసిన వల అది. తాతాజీ చెరువు, సత్తిరాజుగారి చెరువు కలిపి లెక్కిస్తే ముద్ర కనీస గీతకు కాస్త పైన నిలుస్తుందని ఆమె అటు నడుస్తూనే వేళ్ళ మీద లెక్క చూసుకుంది. అప్పుడు తాతాజీకి కరెంటు వస్తుంది. సత్తిరాజుగారు మాత్రం మొదటి తరగతి నుంచి అట్టడుక్కి పడిపోతారు.

ఆయన అరవై దాటిన మనిషి. అంచు వెడల్పాటి టోపీ పెట్టుకుని, చెక్ ట్రే పైకెత్తి రొయ్య మేత తింటుందో లేదో చూస్తున్నారు. ఆమె వచ్చినట్టు గమనించినా వెంటనే పలకరించలేదు. ట్రే మళ్ళీ నీళ్ళలోకి దించి చేతులు తుడుచుకున్నాక అన్నారు.

"ఆయ్, రండి డాక్టరమ్మగారూ. మూడేళ్ళ కిందట ఇదే గట్టు మీద నాకు పాఠం చెప్పారండి మీరు. నా జనరేటరు అమ్మించారు. దానికి మా ఆవిడ పేరు పెట్టుకున్నానండి, మహాలక్ష్మని. అమ్మిన రోజు ఆవిడ నాకు అన్నం పెట్టలేదు."

సులోచన నవ్వలేకపోయింది. ఉన్నది ఉన్నట్టు చెప్పింది. తప్పు ఎక్కడ జరిగిందో, లైను సంగతి తను ఎలా మరిచిపోయిందో, గట్టు తెగితే ఏమవుతుందో, తెగకపోతే ఏమవుతుందో. ఆయన చెరువుకు ప్రమాదం లేదని చెప్పలేదు. చెడ్డ నీరు కలిస్తే ఆయన రొయ్య కూడా నలుగుతుంది. ఏరేటర్లన్నీ తిరిగితే తట్టుకోవచ్చు, తట్టుకోకపోవచ్చు.

ఆయన నీళ్ళకేసి చూశారు. వచ్చే వారం ఆయన పట్టుబడి. ఇన్ని నెలల మొదటి తరగతి ముద్రలతో సరుకు ముందే అమ్ముడైపోయిందని ఊరందరికీ తెలుసు. చినుకు ఆయన టోపీ అంచు నుంచి ఒక్కొక్కటిగా రాలుతోంది.

"గట్టు కోస్తే మీ ముద్రలో ఏమని రాసుంటదండీ?"

"మీరు చెడ్డ నీరు కలుపుకున్నారని ఉంటుందండీ."

"ఎందుకు కలుపుకున్నానో ఉండదా?"

"ఉండదండీ. దానికి నీళ్ళ సంగతే తెలుస్తుంది."

"తర్వాత చెరుపుకోవచ్చా?"

"చెరగదండీ. ఎప్పటికీ."

ఆయన తల పంకించారు. సులోచన బతిమాలదామనుకుంది గానీ, ఏమని బతిమాలాలో తెలియలేదు. తన కోసం ఆయన్ని మరక పూసుకోమంటోంది. ఆ మరక చెరగకుండా చూసింది కూడా తనే.

అవతలి గట్టున తాతాజీ నీళ్ళలోకి దిగి, రెండు చేతులతో నీళ్ళు ఎగజిమ్ముతున్నాడు. అంత చెరువులో ఒక మనిషి చేతులతో కలిపే గాలి ఏమాత్రం? అతనికీ తెలుసు. అయినా ఆపడం లేదు. పక్కనే మంగతాయారు చీర ఎగదోపుకుని బకెట్టుతో నీళ్ళు పైకెత్తి పోస్తోంది.

సత్తిరాజుగారు అటే చూశారు.

"ఇందాక వాణ్ణి నానా మాటలూ అన్నానండి," అన్నారు. "నా ఏరేటర్లు ఆగేసరికి ఒళ్ళు తెలీలేదు."

తర్వాత ఆయన షెడ్డు వైపు తిరిగి, పనివాళ్ళను పేరుపేరునా పిలిచి, పారలు తెమ్మన్నారు. గట్టు పల్లంగా ఉన్నచోట మంచం వెడల్పున కోయమన్నారు. ఆ మాట చెప్పేటప్పుడు ఆయన గొంతు మామూలుగానే ఉంది, మేత తెమ్మని చెప్పినట్టే.

*

మట్టి తడిసి మెత్తబడి ఉండడంతో గట్టు తొందరగానే తెగింది. ఆఖరి పెల్ల కూలగానే సత్తిరాజుగారి పచ్చని నీరు బుసకొడుతూ తాతాజీ చెరువులోకి దూకింది. మట్టం సమానమయ్యాక బూడిద రంగు నీరు చిన్న చిన్న నాలుకలుగా ఇటువైపు రావడం మొదలుపెట్టింది. సత్తిరాజుగారు తన ఏరేటర్లలో రెంటిని గండి దగ్గరికి జరిపించారు. నీళ్ళు అటూ ఇటూ కలుస్తున్నాయి. తాతాజీ ఒడ్డున కూలబడి గస పెడుతున్నాడు. పనివాళ్ళలో ఒకడు అతని భుజాల మీద తన పొడి తువ్వాలు కప్పాడు.

ఇక చేయగలిగింది ఏమీ లేదు. బిళ్ళలు ఒకదాన్నొకటి గుర్తుపట్టాలి. వచ్చే ముద్ర పడాలి.

సులోచన ఫోన్‌లో పటం తెరిచి చూస్తూ నిలబడింది. ఒక ఎర్రచుక్క, దాని పక్కనే ఒక పచ్చచుక్క. ప్రయోగశాలలో గాజు తొట్టెలో రెండు బిళ్ళలు వేసి, అవి ఒకదాన్నొకటి కనుక్కున్న రోజు ఆమెకు గుర్తొచ్చింది. ఆ రోజు అందరూ చప్పట్లు కొట్టారు. ఆ తొట్టె బల్ల మీద పట్టేంతది. ఇక్కడ ఎకరాల నీరు. పైన చినుకు. జాడ మరీ పలచబడిపోతే బిళ్ళకు తగలకపోవచ్చు.

గట్టు దగ్గర మొదటి రొయ్య తెల్లగా తేలింది. ఇంకొకటి. కొంగ ఒకటి తాపీగా దిగి వచ్చి దాన్ని ముక్కున కరుచుకుంది. మంగతాయారు మట్టిపెల్ల తీసి విసిరింది గానీ అది పక్కకు జరిగిందంతే, పోలేదు. ఈసారి సత్తిరాజుగారి వైపు ఒడ్డున కూడా మీసాలు పైకి లేచాయి. ఆయన అది చూశారు. పనివాడు గండి పూడ్చమంటారా అని అడిగాడు. ఆయన వద్దని చెయ్యి ఊపారు.

గంట తిరిగింది. చుక్కలు అలాగే ఉన్నాయి.

"పడలేదా?" అన్నాడు తాతాజీ.

గొలుసులోని యంత్రాలన్నీ ఒప్పుకోవడానికి కొంచెం ఆలస్యమవుతుందని ఆమె అంది. ఇంకొంచెంసేపు. చినుకుల చప్పుడు, ఒకవైపు ఏరేటర్ల మోత, రెండోవైపు నిశ్శబ్దం.

అప్పుడు పచ్చచుక్క పసుపయింది. ఎర్రచుక్క కూడా పసుపయింది. రెండూ జరిగి ఒక్క చుక్కయ్యాయి.

స్తంభం దగ్గర పెట్టెలో టక్కుమంది. తాతాజీ షెడ్డులోకి పరిగెత్తి స్టార్టరు నొక్కాడు. మొదటి ఏరేటరు మూలిగింది, ఆగింది, మళ్ళీ మూలిగి తిరిగింది. తర్వాత రెండోది. దాని మీది కొంగ రెక్కలు విప్పుకుని తిట్టుకున్నట్టుగా అరుస్తూ లేచిపోయింది. చెరువు నిండా తెల్లని నురగ లేచేదాకా ఎవరూ ఉన్నచోటి నుంచి కదల్లేదు. మంగతాయారు బకెట్టు బోర్లించి దాని మీద కూర్చుని, చెంగుతో ముఖం కప్పుకుంది.

సత్తిరాజుగారి జేబులో ఫోన్ మోగింది. ఆయన తీసి చూసి, కళ్ళకు దగ్గరగా పెట్టుకుని మళ్ళీ చూసి, సులోచనకు అందించారు. ఇంగ్లీషులో ఉంది, చదవమన్నారు.

చదవక ముందే అందులో ఏముంటుందో ఆమెకు తెలుసు. కొనుగోలుదారు ఎక్కడో నిద్రపోతూ ఉంటాడు. అతనికి ఈ సంగతి తెలియను కూడా తెలియదు. ముద్ర తరగతి పడిపోగానే ఒప్పందం దానంతటదే రద్దయింది. ఆ పని అంత చురుగ్గా జరగాలని కోరుకున్నది కూడా ఆమే.

"మీ సరుకు వద్దంటున్నారండీ," అంది.

"ఆయ్." ఆయన ఫోన్ తీసుకుని జేబులో పెట్టుకున్నారు. "పారలు తెమ్మన్నప్పుడే తెలుసండి. ఇక్కడి సంతలో అమ్ముకుంటాం. మన వాళ్ళు తినరా ఏంటి?"

ఆయన గండి దగ్గరికి వెళ్ళిపోయారు, అంచులు కూలకుండా బస్తాలు వేయించడానికి. సులోచన కారులో కూర్చుని ఫోన్ తెరిచింది. బిళ్ళ తయారు చేసినవాళ్ళకు గొలుసులో ఒక హక్కు ఉంది. బిళ్ళలో గానీ నియమంలో గానీ లోపం బయటపడితే, దాని వల్ల పడిన ముద్ర పక్కన, తప్పు తమదని తమ డిజిటల్ తాళంతో సంతకం చేయవచ్చు. ముద్ర మారదు, మాట పక్కన నిలుస్తుందంతే. కానీ ఒకసారి అలా సంతకం చేసినవాళ్ళ తాళం ఇంకెప్పుడూ దేనికీ పనిచేయదు. కొత్త బిళ్ళ చేయలేరు, నియమాల మీద మాట చెప్పలేరు. ఇంతవరకూ ఎవరూ ఆ హక్కు వాడలేదు.

ఆమె ఫణీంద్రకు ఫోన్ చేసి తాను ఏం రాయబోతోందో చదివి వినిపించింది. మోటారు లైనూ ఏరేటర్ల లైనూ ఒకటేనన్న సంగతి నియమం రాసినవాళ్ళు మరిచారు. ఒక చెరువు ఊపిరి ఆగింది. పక్క రైతు తన నీరు ఇచ్చి దాన్ని కాపాడాడు. ఈ మరక నీటిది కాదు, నియమానిది.

ఫణీంద్ర వద్దన్నాడు. లైన్లు విడదీసే కొత్త నియమం పెట్టాలంటే మీరే ఉండాలి కదా మేడమ్ అన్నాడు. ఆ మాటలో నిజముంది. పదేళ్ళ పని. ఇంకా దిద్దవలసినవి ఎన్నో ఉన్నాయి. ఈ సంతకం వల్ల సత్తిరాజుగారి సరుకు తిరిగి ఎవరూ కొనరు కూడా.

"కొత్త నియమం నువ్వు రాయి," అంది ఆమె. "రాసే ముందు ఒక నెల ఇక్కడికొచ్చి ఏ గట్టు మీదైనా ఉండు."

అద్దం మీద చినుకులు జారుతున్నాయి. బయట సత్తిరాజుగారు బస్తా ఎక్కడ వేయాలో కర్రతో చూపిస్తున్నారు. ఆమె కాసేపు ఆయన్నే చూసింది. తర్వాత సంతకం చేసింది. ఫోన్ ఏమీ చప్పుడు చేయలేదు. తెర మీద ఆమె పేరు బూడిద రంగుకు మారింది.

*

చీకటి పడేసరికి రెండు వైపులా రొయ్య అడుక్కి దిగింది. కొంత పోయింది, చాలావరకు నిలిచింది. సత్తిరాజుగారి భార్య మహాలక్ష్మిగారు గొడుగు వేసుకుని, పెద్ద గిన్నెలో పెరుగన్నం కలిపి తెచ్చి అందరికీ ఆకుల్లో పెట్టారు. తాతాజీ తినలేకపోయాడు. రాత్రంతా చెరువు చూసుకోవాలని అంటూనే, మోటారు షెడ్డులో మేత సంచుల పక్కనున్న మంచం మీద ఒరిగి, మాట మధ్యలోనే నిద్రలోకి జారిపోయాడు. కాళ్ళకు బురద కూడా కడుక్కోలేదు.

సులోచన అతన్ని లేపబోయింది. సత్తిరాజుగారు వద్దని సైగ చేశారు.

"రెండు చెరువులూ ఇప్పుడు ఒకటే గదండీ," అన్నారు. "ఒకళ్ళు చూస్తే చాలు. మీరూ ఇంటికెళ్ళండి."

ఆయన తన టార్చిలైటు, కుర్చీ తెప్పించుకుని షెడ్డు చూరు కింద వేయించుకున్నారు. గాలికి జల్లు లోపలికి కొడుతోంది. మంచం మీద తాతాజీ ఒకసారి కదిలి, మోకాళ్ళు ముడుచుకున్నాడు. సత్తిరాజుగారు లేచి వెళ్ళి, తుప్పు పట్టిన గడియ మోగకుండా ఒక చేత్తో పట్టుకుని, రేకు తలుపును మెల్లిగా దగ్గరకు వేశారు.